నెల్లూరు, ప్రకాశంలో బఠాణీ ఎప్పుడు విత్తాలి? ఉత్తర కార్తెలోనా, వానలు తగ్గాకా, నెల పట్టాకా?

వినాయక చవితి దాటిందంటే విత్తనాల కొట్లలో బఠాణీ ప్యాకెట్లు కనిపిస్తాయి. చాలా ప్యాకెట్ల వెనక విత్తే కాలం సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అని ఉంటుంది. అది దేశం మొత్తానికి రాసిన మాట. దాన్ని పట్టుకుని మన నెల్లూరు, ఒంగోలు వైపు సెప్టెంబరులో విత్తినవాళ్లు చాలామంది మళ్లీ బఠాణీ జోలికి పోరు. మొక్క లేస్తుంది, రెండు జానలు పెరుగుతుంది, తెల్లగా పూస్తుంది కూడా. కాయ మాత్రం నిలవదు. "మన నేలకు బఠాణీ రాదండీ" అని తీర్మానించేస్తారు. అదే నేలలో రెండు నెలలు ఆగి విత్తి ఉంటే పండక్కి ఇంట్లో పచ్చి బఠాణీ ఉండేది.

కాబట్టి తేల్చుకోవాల్సింది తేదీ. మన ముందు మూడు తేదీలున్నాయి. ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబరు రెండో పక్షంలో విత్తడం ఒకటి. పెద్ద వానలు తగ్గాక విశాఖ, అనూరాధ కార్తెల్లో, అంటే నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా విత్తడం రెండోది. నెల పట్టాక, అంటే ధనుర్మాసం మొదలయ్యాక డిసెంబరు చివర్లో విత్తడం మూడోది. వీటితోపాటు నాలుగో దారి కూడా చెప్పుకోవాలి: బఠాణీ మానేసి అదే చోట అలసందో, చిక్కుడో, శనగో వేసుకోవడం. కొందరికి అదే సరైన దారి.

ముందు బఠాణీ స్వభావం చూద్దాం. ఇది చలి పంట. మొక్క హాయిగా పెరిగేది 13 నుంచి 18 డిగ్రీల మధ్య. గింజ మొలవడానికి 22 డిగ్రీల దాకా వెచ్చదనం ఉంటే మేలే, కానీ పూతకు వచ్చాక మాత్రం ఎండను ఓర్చుకోలేదు. పగటి వేడి 30 దాటి నిలబడితే పూలు రాలతాయి, నిలిచిన కాయలో రెండు గింజలు పడి మిగతాది తొర్రగా ఉండిపోతుంది. నెల్లూరులో డిసెంబరు, జనవరి నెలల్లో కూడా పగలు 28, 30 మధ్య ఉంటుంది, రాత్రి 20 చుట్టుపక్కలకు దిగుతుంది. అంటే మనకు ఏడాది మొత్తంలో దొరికే చల్లని రోజులు కూడా బఠాణీకి కాస్త వెచ్చనే. ఆ కొద్ది రోజులనీ పూతకీ, కాయ నిండడానికీ కేటాయించాలి. మొలకకీ, ఆకుకీ ఖర్చు పెట్టేస్తే పూతకు ఏమీ మిగలదు.

చలిదేశాల్లో శరత్కాలపు బఠాణీకి మొదటి మంచు పడే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటారు. ఎనిమిది పది వారాల ముందు విత్తుతారు. గడ్డకట్టే చలికి పూత, కాయ మాడిపోతాయని వాళ్ల టెన్షన్. ఆ లెక్క చదివి ఇక్కడ ఆగస్టు చివర్లో విత్తేవాళ్లున్నారు. మనకు ఆ చలి రాదు. మనకున్నవి రెండు గోడలు: ఇటు అక్టోబరు, నవంబరు వానలు, అటు ఫిబ్రవరి చివరి ఎండలు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది, అందులో నవంబరుది పెద్ద చేయి. వెనక్కి లెక్కపెట్టడం మనమూ చేద్దాం, కానీ మంచు తేదీ నుంచి కాదు, జనవరి మొదటి వారం నుంచి. ఆ వారానికి పూత నిండుగా ఉండాలి అనుకుని వెనక్కి రండి. ఆర్కెల్ లాంటి తొందర రకం విత్తిన 35, 40 రోజులకు పూతకు వస్తుంది. అలా లెక్కేస్తే విత్తే తేదీ నవంబరు 20, 25 దగ్గర పడుతుంది. అనూరాధ కార్తె మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఉత్తర కార్తెలో విత్తితే

దీని మీద ఆశ ఎందుకంటే, కార్తీక మాసానికి కాయ చేతికి వస్తుందని. ఆర్కెల్ మొదటి కోత 50, 60 రోజుల్లో వస్తుంది కాబట్టి కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది. నేల మీద వేరు. సెప్టెంబరు చివర్లో మన మట్టి ఇంకా వేడిగానే ఉంటుంది. వేడి మట్టిలో విత్తిన బఠాణీకి ఎండు తెగులు, మొదలుకుళ్లు, కాండపు ఈగ మూడూ ఎక్కువే. వాటిని తప్పించుకున్న మొక్క అక్టోబరు చివర్లో పూస్తుంది. అప్పుడు వాన లేని రోజు ఎండ మండుతుంది, వాన వచ్చిన రోజు కుండపోత. పూత నిలవడానికి రెండూ పనికిరావు.

ఆ పూత రాలడం దగ్గరగా చూస్తే ఎండ సంగతి అర్థమవుతుంది. పూవు వాడకముందే తొడిమె దగ్గర పసుపు రంగు తిరుగుతుంది. వేలితో తాకితే చాలు, పూవు, దాని లోపల సూదిమొనంత పిందె కలిసి ఊడి వచ్చేస్తాయి. ఇది చూసి చాలామంది ఎరువు తక్కువైందని యూరియా వేస్తారు. యూరియా వేస్తే ఆకు ముదురు పచ్చగా వస్తుంది తప్ప పూత ఆగదు. ఆ డబ్బు, ఆ శ్రమ వృథా.

తీరం వైపు నేలలో అయితే ఈ తేదీని నేను సిఫారసు చేయను. మిద్దె మీద గ్రో బ్యాగుల్లో పెట్టేవాళ్లు కూడా అక్టోబరు చివరి దాకా ఆగడం మేలు. బ్యాగుల్లో నీరు కింది నుంచి పోతుంది, పెద్ద వాన వస్తే చూరు కిందికి జరుపుకోవచ్చు, కాబట్టి వాళ్లకు నేలలో వేసేవాళ్ల కంటే పది పదిహేను రోజుల వెసులుబాటు ఉంటుంది. అంతకు మించి లేదు.

వానలు తగ్గాక విత్తితే

నా ఓటు దీనికే. విశాఖ కార్తె చివరి రోజులు, అనూరాధ కార్తె మొత్తం. నవంబరు 15 నుంచి డిసెంబరు 2 దాకా అనుకోండి. ఇలా విత్తింది డిసెంబరు చివర్లో, జనవరి మొదట్లో పూస్తుంది. పూత నుంచి కాయ నిండడానికి మూడు వారాలు. సంక్రాంతి చుట్టూ మొదటి కోత, అక్కడి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మూడు నాలుగు కోతలు. ఏడాదిలో చల్లని రోజులన్నీ పూత మీద, కాయ మీద పడతాయి.

దీనికి ఉన్న చిక్కు తుపాను. 2015 నవంబరులో, 2021 నవంబరులో నెల్లూరును వరద ఎలా ముంచిందో మనందరికీ గుర్తే. నవంబరు గడిచింది కదా అనుకోవడానికీ లేదు, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బఠాణీ గింజ మట్టిలో ఉండగా రెండు రోజులు నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. అందులోనూ మనం కూరకు పెంచే తీపి బఠాణీ గింజ ముడతలు పడి ఉంటుంది. ఆ ముడత గింజలో చక్కెర ఎక్కువ, తడి మట్టిలో అది ఇంకా తొందరగా పాడవుతుంది. కొట్లో దొరికే నున్నటి ఎండు బఠాణీ కాస్త తట్టుకుంటుంది కానీ అది పప్పు రకం, కాయగా కోసుకుంటే ఆ తీపి రాదు. కిరాణా బఠాణీ నానబెట్టి నాటితే ఖర్చు లేదు కదా అనుకోవద్దు. అది ఏ రకమో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు, కొన్నిసార్లు మొలవనే మొలవదు.

అందుకని విత్తనం మొత్తం ఒకే రోజు పెట్టొద్దు. మూడు వాటాలు చేసి వారం, పది రోజుల తేడాతో విత్తండి. ఒక వాటా వానకు పోయినా రెండు మిగులుతాయి. వాన పోకపోతే కోత కూడా ఒక్కసారే మీద పడకుండా నెలంతా సాగుతుంది. మడి చదునుగా కాకుండా బోదెలు ఎత్తి, బోదె పైభాగాన వేలి కణుపు లోతులో గింజ పెట్టండి. నల్లరేగడి అయితే బోదె లేకుండా బఠాణీ మాటే ఎత్తొద్దు. కావలి, రామాయపట్నం వైపు ఇసుక నేలల్లో నీరు నిలవదు కాబట్టి ఈ బాధ తక్కువ, కానీ అక్కడ పశువుల ఎరువు దండిగా వేయాలి, జనవరిలో తడి తరచూ ఇవ్వాలి.

నేల అదునుకు వచ్చిందో లేదో క్యాలెండరు చెప్పదు. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి, బొటనవేలితో ఆ ముద్దను తోయండి. పొడిపొడిగా విరిగితే విత్తొచ్చు. ముద్ద అలాగే ఉండి అరచేతికి అంటుకుంటే ఇంకో రెండు రోజులు ఆగాలి. పొదిలి దగ్గర మా మేనమామది ఇంకో పద్ధతి. "ఒరే, పొద్దున్నే చెప్పులు లేకుండా చేలో నడువు. పాదానికి చల్లగా తగిలిందా, ఇక విత్తుకో" అంటాడు. థర్మామీటరు పెట్టి చూసినా ఆ మాట పెద్దగా తప్పు పోదు.

నెల పట్టాక విత్తితే

తుపాను భయం చాలావరకు పోతుంది, నేల అదునుగా ఉంటుంది, మొలక బాగా వస్తుంది. అక్కడిదాకా బాగుంది. డిసెంబరు 28న విత్తింది ఫిబ్రవరి మొదటి వారంలో పూస్తుంది, కాయ నిండేసరికి ఫిబ్రవరి ఆఖరు. అప్పటికి నెల్లూరులో పగటి వేడి 32 దాటి ఉంటుంది. దానికి తోడు పగలు పొడి, తెల్లవారుజామున మంచు ఉండే ఆ రోజుల్లో బూడిద తెగులు ఆకుల్ని తెల్లగా కప్పేస్తుంది. ఒక కోత వస్తుంది, రెండోది అనుమానం. రెండు వాటాలు వానకు పోయి విత్తనం మిగిలినవాళ్లు మాత్రమే ఈ తేదీకి వెళ్లాలి. అదీ డిసెంబరు 20 లోపు.

తీరమా, పడమరా?

రెండు జిల్లాలనీ ఒకే గాటన కట్టడం కుదరదు. సముద్రం పక్కన ఉన్న కావలి, నెల్లూరు, ఒంగోలులో రాత్రి చలి తక్కువ, ఎందుకంటే సముద్రం వేడిని పట్టి ఉంచుతుంది. గిద్దలూరు, కంభం, ఉదయగిరి వైపు వెళ్తే నల్లమల, వెలిగొండల నీడన రాత్రులు బాగా చల్లబడతాయి. అక్కడ ఈశాన్య వాన దెబ్బ కూడా తీరంలో ఉన్నంత ఉండదు. కాబట్టి పడమటివాళ్లు స్వాతి కార్తె చివర్లో, నవంబరు మొదటి వారంలోనే మొదటి వాటా విత్తుకోవచ్చు. వాళ్లకు డిసెంబరు మధ్యకే పూత వస్తుంది, జనవరి మొత్తం కోత. అయితే నీటి సంగతి చూసుకోవాలి. పూత దశలో ఒకటి, కాయ నిండే దశలో ఒకటి తడి తప్పనిసరి. బోరు నీరు జనవరికి తగ్గిపోయే ఊళ్లలో బఠాణీ వేసి బాధపడటం కంటే శనగ వేసుకోవడం నయం.

ఇక నిజం మాట్లాడుకుందాం. తీరం వైపు బఠాణీ ఇంటి అవసరానికి బాగుంటుంది, అమ్మకానికి కాదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరాది పంట లారీల్లో దిగుతుంది, ఆ ధరతో మనం పోటీ పడలేం. మరి ఇంట్లో ఎందుకు పెంచుకోవాలంటే, రుచి కోసం. కాయ కోసిన గంటల్లోనే గింజలోని చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. లారీలో మూడు రోజులు ప్రయాణం చేసిన కాయ ఎంత పచ్చగా కనపడినా ఆ తీపి అందులో ఉండదు. పొద్దున కోసి మధ్యాహ్నం ఉప్మాలో వేసిన గింజ తిన్న పిల్లలు కొన్న బఠాణీని తేడా పట్టేస్తారు.

బఠాణీ కాకపోతే ఏది?

కార్తీకానికే కాయ కావాలి, ఆగలేను అనేవాళ్లకు పొట్టి అలసంద. ఉత్తర కార్తెలో విత్తితే 45, 50 రోజుల్లో కాయ మొదలవుతుంది. వేడి దానికి ఇబ్బందే కాదు. వరస వానలకు కాయ నల్లబడుతుంది కాబట్టి లేతగా ఉన్నప్పుడే కోసెయ్యాలి. సెప్టెంబరులో ఖాళీగా ఉన్న మడి చూసి చెయ్యి ఊరుకోనివాళ్లు బఠాణీ ప్యాకెట్ దాచిపెట్టి అలసంద వేయండి. అది నవంబరు మధ్యకు అయిపోతుంది, అదే మడిలో బఠాణీ పెట్టొచ్చు.

పందిరి చిక్కుడు సంగతి వేరు. మన నాటు చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది. జూలైలో విత్తినా, ఆగస్టులో విత్తినా తీగ పాకుతూనే ఉండి, చలి మొదలయ్యాకే పూత వేస్తుంది. సంక్రాంతి కూరకీ, రథసప్తమికి ఆకులకీ, కాయలతో కట్టే చిన్న రథానికీ సరిగ్గా అందుతుంది. అయితే సెప్టెంబరు దాటాక విత్తితే తీగ సరిగా పెరగకుండానే పూతకు వచ్చి దిగుబడి తగ్గుతుంది. ఆలస్యమైనవాళ్లకు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క జయ్, అర్క విజయ్ పొట్టి రకాలున్నాయి. వాటికి పొద్దుతో పని లేదు, పందిరీ అక్కర్లేదు. నెలకు ఒక్క గంట కూడా మడి దగ్గర కూర్చోలేని వాళ్లకు బఠాణీ కంటే చిక్కుడే దిక్కు.

పచ్చి గింజ ఒలుచుకుని తినడమే కావాలంటే అనపకాయ (సొరకాయ కాదు, గింజ చిక్కుడు), పచ్చి కందికాయ ఉన్నాయి. ప్రకాశం పడమటి ఊళ్లలో ఉప్పు వేసి ఉడికించిన కందికాయల ముందు బఠాణీ ఆనదు అనేవాళ్లున్నారు, వాళ్లతో నేను వాదించను.

ఎకరాల లెక్కన వేసే రైతుకు నల్లరేగడి ఉంటే శనగే. అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మధ్య దాకా విత్తుతారు, నేలలో మిగిలిన తడితోనే పండుతుంది. జేజీ-11 రకం అయితే 90, 100 రోజులకు వస్తుంది. కొంటారు, నిల్వ ఉంటుంది, కోతకు వారం ఆలస్యమైనా కొంప మునగదు. బఠాణీ కాయ వారం ఆలస్యమైతే గట్టిపడిపోయి ఎవరికీ పనికిరాదు. దర్శిలో, నెల్లూరులో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. విత్తనం కొనేముందు మీ నేల గురించి అక్కడ ఒక మాట అడగడానికి మొహమాటపడకండి.

ఏ రకం?

తీరం వైపు తక్కువ రోజుల రకమే కావాలి, ఎందుకంటే మనకున్న చల్లని కిటికీ చిన్నది. ఆర్కెల్ అందుకు సరిపోతుంది, కానీ బూడిద తెగులుకు లొంగుతుంది. అర్క అజిత్ ఆ తెగులునీ, కుంకుమ తెగులునీ తట్టుకుంటుంది. దాని పంటకాలం 90 రోజుల దాకా పోతుంది కనుక గిద్దలూరు వైపు నవంబరు మొదట్లో విత్తేవాళ్లకు నప్పుతుంది, నెల్లూరులో నవంబరు చివర్లో విత్తేవాళ్లకు అంతగా కాదు. వేడిని ఓర్చుకునేందుకు అర్క చైత్ర, అర్క తపస్ అనే రకాలను కూడా బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థే తయారు చేసింది. విత్తనం దొరికితే తీరంవాళ్లు మొదట పరీక్షించాల్సినవి ఇవే. ఒక వాటా ఆర్కెల్, ఒక వాటా వీటిలో ఒకటి పక్కపక్కన పెట్టి చూస్తే మీ పెరడే చెబుతుంది.

మొదటిసారి బఠాణీ వేసే నేలలో దానికి సరిపడే రైజోబియం, అంటే వేళ్లలో చేరి మొక్కకు నత్రజని అందించే బ్యాక్టీరియా, ఉండకపోవచ్చు. అలసందకు, శనగకు పనిచేసే బ్యాక్టీరియా బఠాణీకి పనిచేయదు. బఠాణీకి వేరే కల్చర్ ఉంటుంది, పేరు చూసి అడిగి తెచ్చుకోండి. బెల్లం నీళ్లతో గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. నెల తర్వాత ఒక మొక్కను వేళ్లతో సహా మెల్లిగా తవ్వి తీసి, వేళ్ల మీద బొడిపెలను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే మొక్క తన నత్రజని తానే తయారు చేసుకుంటోంది, యూరియా అవసరం లేదు. తెల్లగానో పచ్చగానో ఉంటే, లేదా బొడిపెలే లేకపోతే, కాస్త నత్రజని ఇవ్వాలి.

బూడిద తెగులు కనిపించిన మొదటి రోజే నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం పూట కొట్టండి. మిద్దె తోటవాళ్లు తూర్పు ఎండ తగిలి, మధ్యాహ్నం రెండు తర్వాత గోడ నీడ పడే చోటు వెతకండి. మన వేడికి ఆ నీడ రెండు మూడు కోతల తేడా తెస్తుంది.

కోతకు కాయ రంగు చూడొద్దు, వేళ్లతో నొక్కి చూడండి. గింజలు లోపల ఒకదానికొకటి తగులుతూ నిండుగా అనిపించాలి, కాయ తోలు మాత్రం ఇంకా మెరుస్తూ ఉండాలి. తోలు మెరుపు పోయి వల వలగా నరాలు తేలితే ఆలస్యమైనట్టే, వాటిని ఎండబెట్టి పప్పుకు వాడుకోండి. నిండిన కాయను ఎప్పటికప్పుడు కోస్తే కొత్త పూత వస్తూ ఉంటుంది. ఫిబ్రవరి రెండో వారం దాటి పూత రాలడం మొదలైందంటే నీళ్లు, మందులు పెట్టి లాక్కురావద్దు. మొక్కను పీకకుండా నేల మట్టానికి కోసేసి, వేళ్లు మట్టిలోనే వదిలేసి, పక్కనే గోరుచిక్కుడు గింజలు పెట్టేయండి.